హైదరాబాద్ ఎండల్లో బాల్ పైథాన్ పెంపకం

పాముల పెంపకం మీద దొరికే సలహాల్లో చాలా మటుకు చలిదేశాల వాళ్లు రాసినవే. పెట్టెకు వేడి ఎలా అందించాలి, రాత్రిపూట అది తగ్గకుండా ఏం చేయాలి అన్నదే వాళ్ల బాధ. హైదరాబాద్‌లో ఆ బాధ డిసెంబరు, జనవరి నెలలది. హోలీ దాటిన దగ్గర్నుంచి మృగశిర కార్తె దాకా ఇక్కడి పని వేరు, పామును చల్లగా ఉంచడం. చలికి జబ్బు చేస్తే వైద్యం చేయించడానికి కొన్ని రోజుల వ్యవధి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మూసిన గదిలో పెట్టె 38 డిగ్రీలకు చేరితే సాయంత్రం దాకా కూడా ఉండదు. అందుకే బాల్ పైథాన్ అనే విషం లేని ఆఫ్రికా కొండచిలువ పెంపకం మీద రాసిన కింది వివరాల్లో వేడికన్నా చల్లదనానికే ఎక్కువ చోటు పట్టింది.

ముందు కాగితం, తర్వాత పాము

మన నేల మీద పుట్టే పాముల్ని ఇంట్లో పెంచకూడదు. జెర్రిపోతుకు విషం లేదు కదా, నీరుకట్టె ఎవర్నీ ఏమీ చేయదు కదా అన్న వాదన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ముందు నిలవదు. కొండచిలువ, నాగుపాము లాంటివి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటి విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. కాలనీలో దొరికిన పిల్లపామును నాలుగు రోజులు సీసాలో ఉంచుకుని చూసి వదిలేస్తాం అనడం కూడా ఇందులోకే వస్తుంది. పైగా సాండ్ బోవా పిల్ల, కొండచిలువ పిల్ల, రక్తపింజరి పిల్ల కొత్తవాళ్ల కంటికి ఒకేలా కనిపిస్తాయి. ఇంటికి పాము వస్తే దూరం నుంచి కనిపెట్టుకుని ఉండి అటవీశాఖకో, 1995 నుంచి నగరంలో పాముల్ని కాపాడుతున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో చెప్పండి. రెండు తలల పాము లక్షలు తెస్తుందన్న మాట నమ్మి కేసుల్లో ఇరుక్కున్న వాళ్ల గురించి చెప్పడం మొదలుపెడితే ఈ వ్యాసం ముగియదు.

పెంచడానికి మిగిలేవి విదేశీ పాములు. 2022 సవరణతో చట్టంలోకి కొత్తగా నాలుగో షెడ్యూలు వచ్చింది. అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం జాబితాల్లోని జంతువులు అందులో ఉంటాయి. బాల్ పైథాన్ సైటీస్ రెండో అనుబంధంలోది. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి జంతువు చేతికొచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ 2.0 పోర్టల్‌లో నమోదుకు దరఖాస్తు చేసుకోవాలి. నిబంధనలు వచ్చేనాటికే పెంచుతున్న వాళ్లకు ఆరు నెలల గడువిచ్చారు, అదీ ముగిసింది. నమోదు మీ పేరు మీద ఉంటుంది కాబట్టి పాము గుడ్లు పెట్టి పిల్లలైనా, ఇంకొకరికి ఇచ్చినా, చచ్చిపోయినా అక్కడే తెలియజేయాలి.

అమ్మే మనిషి దగ్గర మూడు విషయాలు తేలాలి: పాము ఆయన పేరు మీద నమోదై ఉందా, దాన్ని మీ పేరుకు మార్చే కాగితం ఇస్తాడా, పుట్టినప్పటి నుంచి ఏం తిన్నదో రాసిపెట్టిన లెక్క ఉందా. మొదటి రెండూ లేకపోతే ధర ఎంత తగ్గించినా వెనక్కి తిరగండి. మూడోది లేకపోతే మీ కళ్లముందే ఒకసారి తినిపించమనండి. వంకలు చెప్పాడంటే అది తినడం లేదని అర్థం.

విదేశీ పాముల్లో చాలామంది పెంచే ఇంకొకటి, అమెరికాకు చెందిన కార్న్ స్నేక్, సైటీస్ జాబితాల్లో లేదు, అందుకని ఈ నమోదు దానికి వర్తించదు. దేశంలోకి వచ్చిన తీరుకు కాగితాలు మాత్రం దానికీ అడగాల్సిందే. అది తిండి దగ్గర పేచీ పెట్టదు, చూడ్డానికీ ముచ్చటగా ఉంటుంది. కానీ పాము పెట్టెలో ఒక మూల వెచ్చగా, ఇంకో మూల చల్లగా ఉంచాలి, కార్న్ స్నేక్‌కు ఆ చల్లటి మూల 22 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. ఏసీ లేని హైదరాబాద్ ఇంట్లో వేసవిలో అది కుదిరే పని కాదు, అక్కడ కార్న్ స్నేక్ జోలికి పోకపోవడమే మేలు. బాల్ పైథాన్ ఘనా, టోగో, బెనిన్ లాంటి పశ్చిమాఫ్రికా దేశాలది. అక్కడా ఎండలు మనలాగే మండుతాయి. అది తట్టుకునేది ఎండను కాదు. పగలంతా ఎలుక కన్నాల్లో, చెదపుట్టల్లో భూమి అడుగున పడుకుని రాత్రి బయటికొస్తుంది. మనం దాన్ని తెచ్చి పెట్టెలో పెట్టినప్పుడు ఆ కన్నం పోతుంది. దానికి బదులు మనం ఏమిస్తున్నామన్నదే ఈ పెంపకంలో అసలు ప్రశ్న.

బాగా చూసుకుంటే బాల్ పైథాన్ పాతికేళ్లకు పైగా బతుకుతుంది. ఇంజనీరింగ్ చదివే కుర్రాడు కొంటే అతని పిల్లలు పదో తరగతికి వచ్చేదాకా అది ఆ ఇంట్లోనే ఉండొచ్చు. అద్దె ఇంట్లో ఉంటే ఓనర్‌కు చెప్పకుండా తేవద్దు. ఏదో ఒక రోజు తెలుస్తుంది, ఆ రోజే ఖాళీ చేయమంటారు.

పెట్టె

పెద్ద బాల్ పైథాన్ మూడు నుంచి ఐదడుగులు పెరుగుతుంది. దానికి నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, రెండడుగుల ఎత్తు పెట్టె కావాలి. 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు ఒక్కటి సరిగ్గా సరిపోతుంది. దాన్ని నాలుగు 4×2 పలకలుగా కోయిస్తే ఒకటి పైకి, ఒకటి అడుగుకు, ఒకటి వెనక్కు. నాలుగోదాన్ని సగానికి కోస్తే రెండు పక్కలు. 18 మిల్లీమీటర్ల మందం, నీళ్లు తట్టుకునే ఐఎస్ 710 రకం తీసుకోండి. మామూలు కమర్షియల్ ప్లై ఒక్క వానాకాలంలోనే ఉబ్బి పొరలు విడుతుంది. కార్పెంటర్‌కు ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది: వెనక పలక రెండు పక్కల మధ్యలో కూర్చోవాలంటే దాన్ని 36 మిల్లీమీటర్లు తక్కువగా కోయాలి. చెప్పకపోతే బిగించేటప్పుడు పక్కలు బయటికి తోసుకొస్తాయి, ముందు అద్దం జారదు.

ముందువైపు అడుగున వేరే ముక్కతో 4 అంగుళాల పట్టీ, అది పెట్టె అడుగున పరిచే పొట్టు పరుపు బయటికి రాలకుండా ఆపుతుంది. దాని పైన ట్రాకులో జారే 5 మిల్లీమీటర్ల అద్దాలు రెండు, షోకేస్‌కు వేసే తాళం. తాళం అలంకారం కాదు. బాల్ పైథాన్ ముక్కుతో అద్దాన్ని తోసి తోసి జరుపుతుంది. తల దూరిన సందులో ఒళ్లు కూడా దూరుతుంది. చల్లటి పక్కన కింద రెండు, వెచ్చటి పక్కన పైన రెండు 50 మిల్లీమీటర్ల గాలి రంధ్రాలు పెట్టించి స్టీలు జాలీ బిగించండి. లోపలి మూలలన్నిటికీ అక్వేరియం సిలికాన్, పలకలకు నీటితో కలిపే పాలీయురేథేన్ పూత మూడు సార్లు. పూత తర్వాత పెట్టెను రెండు మూడు వారాలు తెరిచి ఆరబెట్టాలి. ముక్కు లోపల పెట్టి చూస్తే ఏ వాసనా రాకూడదు.

పిల్లపామును మాత్రం ఇంత పెట్టెలో వేయకండి. ఖాళీ జాగా ఎక్కువై బెదిరి తిండి మానేస్తుంది. మొదటి కొన్ని నెలలు పక్కలకు రంధ్రాలు పెట్టి, మూత క్లిప్పులతో గట్టిగా పట్టే 15–20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా చాలు.

పరుపుకు కొబ్బరి పీచు పొట్టు మంచిది. నర్సరీల్లో దొరికే 5 కిలోల దిమ్మె నానితే 60 లీటర్ల పైనే వస్తుంది, ఈ పెట్టెలో 7 సెంటీమీటర్ల మందానికి సరిపోతుంది. దిమ్మెల్లో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మార్లు నీళ్లు మార్చి కడిగి పిండి ఆరబెట్టండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, చుక్క మాత్రం కారకూడదు. టింబర్ డిపో రంపపు పొట్టు వద్దు. అందులో ఏ కర్ర ఉందో, చెదకు ఏ మందు కొట్టారో తెలియదు. దేవదారు పొట్టు అసలే పనికిరాదు, దాని నూనెలు పాముల ఊపిరితిత్తులకు చెరుపు చేస్తాయి.

దాగే గూళ్లు రెండు ఉండాలి, వెచ్చటి మూల ఒకటి, చల్లటి మూల ఒకటి, రెండూ ఒకే కొలతలో. ఒక్కటే పెడితే పాము తనకు కావాల్సిన వేడికన్నా దాక్కునే చోటుకే విలువిస్తుంది. వెచ్చటి మూల గూడు ఒక్కటే ఉంటే, ఒళ్లు మండుతున్నా అక్కడే పడుకుంటుంది.

వేడి, దాని కళ్లెం

వెచ్చటి మూల 31–32 డిగ్రీలు, చల్లటి మూల 25–27. ప్లైవుడ్ పెట్టె అడుగున హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పట్టా) పెట్టి లాభం లేదు. 18 మిల్లీమీటర్ల కర్రలోంచి వేడి పైకి రాదు, మధ్యలో చిక్కుకుని కర్రనే కాలుస్తుంది. లోపల పైకప్పుకు 60 నుంచి 100 వాట్ల సిరామిక్ హీటర్‌ను బిగించి చుట్టూ కంచె బోను వేయండి. హోల్డర్ పింగాణీదే ఉండాలి, ప్లాస్టిక్‌ది కరుగుతుంది. బోను లేకపోతే పాము వెచ్చదనానికి దాన్నే చుట్టుకుంటుంది. కాలుతున్న సంగతి పాములకు వెంటనే తెలియదు, చూసుకునేసరికి పొట్ట కింద పొలుసులు బొబ్బలెత్తి ఉంటాయి.

థర్మోస్టాట్ (వేడి చాలగానే హీటరును ఆపే పరికరం) లేకుండా ఏ హీటరూ పెట్టకూడదు. కోఠి గుజరాతీ గల్లీలో గుడ్లు పొదిగే పెట్టెల కోసం అమ్మే ఎస్‌టీసీ-1000 రకం సరిపోతుంది. 220 వోల్టులదే అడిగి తీసుకోండి. 1, 2 పిన్నులు కరెంటుకు, 3, 4 సెన్సరుకు, 5, 6 హీటరుకు, 7, 8 చల్లబరిచే పరికరానికి. చివరి నాలుగూ ఉత్త స్విచ్చులే, వాటంతట అవి కరెంటు ఇవ్వవు. ఫేజు తీగను వాటి గుండా తిప్పాలి. ఇది తెలియకే చాలామంది పరికరం పాడైందని తిరిగిస్తారు. తీగల పని చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. సెట్టింగుల్లో ఎఫ్1 (కావాల్సిన వేడి) దగ్గర 31.5, ఎఫ్2 (ఎన్ని డిగ్రీలు తగ్గితే హీటరు మళ్లీ వెలగాలి) దగ్గర 1 పెట్టండి. ఎఫ్2ను మరీ తగ్గిస్తే రిలే (లోపలి స్విచ్చు) నిమిషానికోసారి టకటకలాడి తొందరగా అరిగిపోతుంది. ఎఫ్4 సవరణకు. పక్కన నమ్మకమైన డిజిటల్ థర్మామీటర్ పెట్టి, తేడా ఎంత ఉంటే అంత ఇక్కడ కలపాలి లేదా తీసేయాలి.

సెన్సరు హీటరు కింద, పాము వీపు ఎత్తులో గోడకు క్లిప్పుతో గట్టిగా ఉండాలి. పాము లాగితే ఊడి నీళ్ల గిన్నెలో పడ్డ సెన్సరు చల్లగా ఉందని చెబుతూనే ఉంటుంది, హీటరు ఆగకుండా కాలుస్తూనే ఉంటుంది. దాన్ని టేపుతో మాత్రం అంటించకండి. జిగురు టేపుకు అతుక్కున్న పామును విడదీయడంలో చర్మం ఊడొస్తుంది. రిలే అతుక్కుపోయి హీటరు ఆగకపోవడం కూడా మామూలే. అందుకే అదే లైనులో రెండో థర్మోస్టాట్‌ను 34 దగ్గర ఆపేలా పెడితే మొదటిది మొరాయించినా పాము బతుకుతుంది.

ఎండాకాలం

ముందు పెట్టె చోటు. పడమటి గోడ వద్దు, కిటికీ ఎండ వద్దు, స్లాబు వేడి నేరుగా దిగే పై అంతస్తు గది అసలే వద్దు. ఇంట్లో మిట్టమధ్యాహ్నం ఏ గది చల్లగా ఉంటుందో థర్మామీటర్‌తో వారం రోజులు చూసి, ఆ గదిలో నేలకు దగ్గరగా పెట్టండి. నేలకూ పైకప్పుకూ మధ్య తేడా మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది. పై అంతస్తే గతి అయితే టెర్రస్‌కు కూల్ రూఫ్ పెయింటో, సున్నమో వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ ఇదే, మనుషులకైనా.

ఏసీ ఉంటే 26–27 దగ్గర పెట్టి గదినే చల్లబరచండి, వెచ్చటి మూల సంగతి థర్మోస్టాట్ చూసుకుంటుంది. ఏసీ గాలి నేరుగా పెట్టె రంధ్రాల్లోకి కొట్టకూడదు. ఏసీతో వచ్చే చిక్కు పొడితనం. బాల్ పైథాన్‌కు 55 నుంచి 65 శాతం తేమ కావాలి, వేసవి ఏసీ గదిలో అది సగానికి పడిపోతుంది. పైనుంచి స్ప్రే కొడితే గంటలో ఆరిపోతుంది, కింద పరుపు మీద తడి మచ్చలు మిగులుతాయి. దానికి బదులు వారానికోసారి లీటరు నీళ్లు పరుపు మూలల్లో మెల్లగా పోయండి. అడుగు పొర తడిసి పై పొర పొడిగా ఉండాలి. పై గాలి రంధ్రాలను సగం మూసినా తేడా తెలుస్తుంది.

కూలర్ ఏప్రిల్, మే నెలల్లో బాగా పనిచేస్తుంది, ఎందుకంటే గాలి పొడిగా ఉంటుంది. కూలర్‌ను కిటికీ బయట పెట్టి ఎదురు తలుపు తీసి ఉంచితే గది చల్లబడుతుంది, తేమ కూడా 60 శాతం చుట్టూ నిలుస్తుంది. బాల్ పైథాన్‌కు ఇంతకన్నా మంచి వాతావరణం దొరకదు. తొలకరి పడ్డాక అదే కూలర్ ఎందుకూ పనికిరాదు, గదిలో తడి పెంచడమే మిగులుతుంది.

7, 8 పిన్నులకు చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ కలిపి పెట్టె వేడెక్కినప్పుడు తిరిగేలా చేయడం మంచి ఏర్పాటే. హీటరు సెన్సరు వెచ్చటి మూలనే చూస్తుంది కాబట్టి ఫ్యాన్‌కు వేరే ఎస్‌టీసీ పెట్టి, దాని సెన్సరును చల్లటి మూల ఉంచి 28 దగ్గర తిరిగేలా చేయండి. కానీ ఫ్యాన్ గదిలో గాలినే లోపలికి లాగుతుంది. గది 37 డిగ్రీలుంటే పెట్టెకూ 37 డిగ్రీలే. ఫ్యాన్ పెట్టాం కదా అని ఏసీ ఆపి ఆఫీసుకు వెళ్లిన వాళ్ల పాములే ఎక్కువగా ప్రమాదంలో పడతాయి.

ఏసీ, కూలర్ రెండూ పనిచేయని గంటల కోసం మట్టికుండ ఉంది. మెరుగు పూత లేని మామూలు కుండనే తీసుకోవాలి. పాము చుట్ట పట్టేంత కుండను పక్కకు పడుకోబెట్టి, మూతి అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్ది, చల్లటి మూల పరుపులో సగం దాకా పాతండి. ఉదయం కుండ పైభాగాన్ని బాగా తడపాలి. నీళ్లు ఆవిరవుతూ లోపలి చోటును బయటికన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంచుతాయి. అడవిలో చెదపుట్ట చేసే పని ఇదే. ఎండ ముదిరేకొద్దీ పాము కుండలోంచి బయటికి రావడం మానేస్తుంది, దాని అర్థం మీ ఏర్పాటు సరిగ్గా ఉందని.

కరెంటు పోతే: ఫ్రీజర్‌లో ఎప్పుడూ లీటరు సీసాలు నాలుగింటిలో నీళ్లు గడ్డకట్టించి ఉంచండి. ఒక సీసాకు రెండు మడతల తువ్వాలు చుట్టి చల్లటి మూల పెట్టండి. సీసాను ఉట్టినే పెడితే పాము దాన్ని ఆనుకుని పడుకుని చలికి బిగుసుకుపోతుంది. ఇన్వర్టర్ మీద వేసేది గది ఫ్యాను, హీటరు కాదు.

వడదెబ్బ లక్షణాలు: పగలే గాజుగోడ వెంట ఆగకుండా పాకడం, మెడ ఎత్తి నోరు తెరవడం, ఆ తర్వాత ఒళ్లు వదిలేయడం. నీళ్ల గిన్నెలో చుట్టుకు పడుకోవడం కూడా వేడికి గుర్తే, అయితే పేలు (మైట్స్ అనే చిన్న పురుగులు) పట్టినా అదే పని చేస్తుంది కాబట్టి గిన్నె అడుగున నల్లటి చుక్కలున్నాయేమో చూడండి. వడదెబ్బ అయితే 25–26 డిగ్రీల నీళ్లు గడ్డం కిందికే వచ్చేలా టబ్‌లో పోసి అందులో ఉంచి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఐసు నీళ్లు పోయకూడదు.

వాన, చలి

వానాకాలంలో బాధ తిరగబడుతుంది. గదిలోనే 80 శాతం తేమ ఉన్నప్పుడు పరుపుకు నీళ్లు పోయడం మానేసి, రంధ్రాలన్నీ తెరిచి, నీళ్ల గిన్నెను చల్లటి మూలకు జరపండి. తడి పరుపు మీద వారాల తరబడి పడుకుంటే పొట్ట పొలుసులు ముందు ఎర్రగా, తర్వాత గోధుమ రంగుకు తిరిగి కుళ్లుతాయి. చలికాలంలో పని తక్కువ. రాత్రి చల్లటి మూల 24కు తగ్గకుండా చూసుకుంటే చాలు. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు నగరం నడిబొడ్డుకన్నా చలి ఎక్కువ, అక్కడ 100 వాట్ల హీటరే పెట్టండి.

ఇంట్లో పొగలు, మందులు

మన ఇళ్లలో దీని గురించి ఎవరూ అనుకోరు. దోమల కాయిల్, ప్లగ్గులో పెట్టే లిక్విడ్, బొద్దింకల స్ప్రే, వీటన్నిటిలో ఉండే పైరెత్రాయిడ్ మందులు పాముల నరాల మీద పనిచేస్తాయి. వణుకు, తల వెనక్కి విరుచుకోవడం, వెల్లకిలా పడితే తిరగలేకపోవడం ఆ విషపు గుర్తులు. పాము ఉన్న గదిలో దోమలకు కిటికీ మెష్ ఒక్కటే మార్గం. వీధిలో ఫాగింగ్ బండి వినిపిస్తే కిటికీలు మూసి గంట సేపు తెరవకండి. సాంబ్రాణి, అగరబత్తి పూజగదిలోనే, తలుపేసి. నాఫ్తలీన్ ఉండలున్న బీరువా పక్కన పెట్టె వద్దు.

ఫినాయిల్‌తో పెట్టె తుడవడం ఇంకో పొరపాటు, పాములకు అది విషం. కడగాలంటే బ్లీచింగ్ ద్రావణం ఒక పాలు, నీళ్లు పది పాళ్లు కలిపి పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి, వాసన పోయేదాకా ఎండబెట్టండి.

తిండి

పాము మొత్తం జంతువును ఎముకలతో, పేగులతో సహా మింగుతుంది. చికెన్ ముక్కలతో దాన్ని పెంచలేరు, కాల్షియం అందదు. ఇంట్లో బోనులో పడ్డ ఎలుకలు కూడా వద్దు, ఎవరో పెట్టిన ఎలుకల మందు తిని ఉండొచ్చు. ఆహారం కోసమే పెంచి గడ్డకట్టించిన తెల్ల ఎలుకలు మాత్రమే పెట్టండి. బతికున్న ఎలుకను వేస్తే అదే పామును కొరుకుతుంది. ఆకలి లేని పాము వెన్ను ఎముక కనిపించేదాకా కొరికిన సందర్భాలుంటాయి.

కొలత: మొదటి ఏడాది పాము బరువులో 10 నుంచి 15 శాతం ఉండే ఎలుక, 7–10 రోజులకోసారి. పెద్దదానికి 5–7 శాతం, రెండు నుంచి నాలుగు వారాలకోసారి. గ్రాముల్లో చూపే వంటింటి కాటా ఒకటి దీనికోసమే కొనండి. ఫ్రీజర్ కూడా వేరుగా ఉంటే ఇంట్లో శాంతి ఉంటుంది. ఇడ్లీ పిండి పక్కన ఎలుకల ప్యాకెట్టు చూసి అత్తగారు ఊరుకోరు.

ఎలుకను రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో కరగనిచ్చి, మరుసటి సాయంత్రం జిప్ కవర్‌లో వేసి 40 డిగ్రీల నీళ్లలో పావుగంట ఉంచండి. తల మిగతా ఒంటికన్నా వెచ్చగా ఉండాలి. బాల్ పైథాన్ పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి, అది కాటు వేసేది వేడికే. మరిగే నీళ్లు పోస్తే ఎలుక పొట్ట చిట్లుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే బయట ఉడికి లోపల మంచుగడ్డ ఉంటుంది. అడుగు పొడవు పటకారుతో తోక దగ్గర పట్టుకుని, దీపం తగ్గించి, గూటి ముందు ఆడించండి. తినకపోతే వేసవిలో మూడు గంటల్లో తీసి పారేయాలి, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. తిన్నాక రెండు రోజులు దాన్ని ముట్టుకోవద్దు. పైకెత్తితే కక్కేస్తుంది. చల్లటి పెట్టె, మితిమీరిన ఎలుక కూడా కక్కిస్తాయి. కక్కితే రెండు వారాలు ఏమీ పెట్టకుండా ఆగి, ఆపై సగం బరువు ఎలుకతో మొదలుపెట్టండి.

చలికాలంలో పెద్ద బాల్ పైథాన్లు రెండు మూడు నెలలు తినకపోవడం మామూలే. కంగారుపడి రోజూ ఎలుకను ముఖం ముందు ఊపితే ఇంకా బిగుస్తుంది. రెండు వారాలకోసారి పెట్టి చూడండి, వారం వారం తూకం రాయండి. బరువులో పదో వంతు తగ్గితే, లేదా పిల్లపాము నెల దాటినా తినకపోతే డాక్టర్‌కు చూపించాలి. పాలు మాత్రం ఎవరు ఎంత చెప్పినా పోయకండి. నాగులచవితికి పుట్టలో పోసే పాలు మన భక్తి కోసం. పాముకు అవి అరగవు.

కుబుసం, జబ్బులు

కళ్లు పాలరంగుకు తిరిగి, పొట్ట గులాబీ రంగుకు మారితే కుబుసం రాబోతోందని అర్థం. కొన్ని రోజుల్లో కళ్లు మళ్లీ తేటపడతాయి, ఆ తర్వాత మూడు నాలుగు రోజుల్లో విడుస్తుంది. ఆ వారమంతా తేమను 70కి పెంచండి, ముట్టుకోవద్దు, తిండి పెట్టవద్దు. కుబుసం తల నుంచి తోక దాకా ఒకే తొడుగులా రావాలి. ముక్కలుగా వస్తే తేమ చాలలేదన్నమాట. కళ్ల మీది గాజు పొరలు రెండూ అందులో ఉన్నాయో లేదో వెలుతురుకు పెట్టి చూడండి. మిగిలిపోతే గోటితో గిల్లవద్దు, కన్ను పోతుంది. తడి గుడ్డలు పరిచి రంధ్రాలున్న డబ్బాలో 28–30 డిగ్రీల్లో అరగంట ఉంచితే చాలా వరకు వదులవుతుంది. అప్పటికీ రాకపోతే తర్వాతి కుబుసం దాకా ఆగండి.

మూతి దగ్గర బుడగలు, ఊపిరి తీసేటప్పుడు ఈలలాంటి శబ్దం, తల ఎప్పుడూ పైకెత్తి పెట్టడం, ఇవి ఊపిరితిత్తుల జబ్బు లక్షణాలు. ఇంటి వైద్యం లేదు. పేలు పడితే పరుపు తీసేసి పాత పేపర్లు వేయండి, పెట్టె మూలలన్నీ సబ్బు వేడినీళ్లతో కడగండి, పేలమందు మాత్రం డాక్టర్ చెప్పిన మోతాదులోనే. నగరంలో సరీసృపాలను చూసే పశువైద్యులు తక్కువ. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీతో మొదలుపెట్టి, పాము కొనకముందే ఒకరిని వెతికి పెట్టుకోండి. రెండో పాము తెస్తే మూడు నెలలు వేరే గదిలో, వేరే పటకారుతో. పామును ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఈ విషయంలో మొహమాటం వద్దు.

తప్పించుకుంటే

ముందు బాత్రూం, వంటింటి జాలీల మీద బరువు పెట్టి, ప్రధాన ద్వారం కింది సందును తువ్వాలుతో మూయండి. బాల్ పైథాన్ దూరం పోదు, చీకటి, వెచ్చదనం ఉన్న చోట ఇరుక్కుంటుంది. ఫ్రిజ్ వెనక కంప్రెసర్ దగ్గర, వాషింగ్ మెషిన్ అడుగున, సోఫా గుడ్డ లోపల, చెప్పుల స్టాండ్‌లో చూడండి. రాత్రి గుమ్మాల్లో గోధుమపిండి పలుచగా చల్లి ఉంచితే అది ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళ్లిందో తెల్లారేసరికి తెలుస్తుంది. అపార్ట్‌మెంట్ అయితే పక్కవాళ్లకు, వాచ్‌మన్‌కు ఫొటో చూపించి విషం లేని పాము అని ఆ గంటలోనే చెప్పాలి. దాచిపెడితే కర్రతోనే మీకు కబురొస్తుంది.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు

పెద్ద పాము వారం పది రోజులు తిండి లేకుండా హాయిగా ఉంటుంది. బయలుదేరే ముందు రోజు తినిపించి వెళ్లకండి, కక్కితే తీసేవాళ్లు ఉండరు. చివరి తిండి కనీసం ఐదు రోజుల ముందు కావాలి. బరువైన గిన్నెలు రెండింటిలో నీళ్లు పెట్టండి. తాళంచెవి ఎవరికి ఇచ్చినా వాళ్లు పెట్టె తెరవాల్సిన పని లేదు. రెండు రోజులకోసారి అద్దంలోంచి థర్మామీటర్ అంకె ఫొటో తీసి పంపితే చాలు. సంక్రాంతికి హీటరు ఆన్‌లో ఉంచి వెళ్లొచ్చు. మే నెల పెళ్లిళ్లకు ఇల్లు తాళం వేసి వెళ్లాల్సి వస్తే మాత్రం పామును మూత బిగించిన డబ్బాలో, ఏసీ ఉన్న ఇంట్లో, పాములంటే జంకు లేని మనిషికి అప్పగించి వెళ్లాలి. డబ్బాతో పాటు నమోదు పత్రం నకలు కూడా ఇవ్వండి.